పసుప్పచ్చగా ఉంటే సన్‌ఫ్లవరేనా?

అమ్మలూ,

నువ్వు ప్రెయిరీ (ఇక్కడి పచ్చిక మైదానం) ట్రయిల్‌లో తీసి, ఇది సన్‌ఫ్లవరేనా అని అడిగిన ఫోటో చూశానే. పువ్వొక్కటే జూమ్ చేసి పంపితే ఏం చెప్పను, జూలై ఆగస్టుల్లో ఇల్లినాయ్‌లో ఏ ప్రెయిరీకి వెళ్లినా అలాంటి పసుపు పూలు బోలెడు రకాలు, అన్నీ మన చామంతి, పొద్దుతిరుగుడు కుటుంబమే. పువ్వు సంగతి తర్వాత, ముందు కాడని రెండు వేళ్లతో పట్టుకుని తడిమి చూడు. తులసి కాడలా నాలుగు పలకలుగా తగిలి, ఆకులు జంటలుగా ఎదురెదురుగా వచ్చి కాడ చుట్టూ అతుక్కుపోయి దొన్నెలా ఉన్నాయనుకో, అది కప్ ప్లాంట్, డౌటే లేదు. వాన పడ్డ మర్నాడు వెళ్తే ఆ దొన్నెలో నీళ్లు నిలబడి ఉంటాయి, చీమో దోమో తేలుతూ ఉంటుంది, గోల్డ్‌ఫించ్ పిట్టలొచ్చి తాగిపోతాయి.

దాని అక్కచెల్లెళ్లు కూడా పక్కనే ఉంటాయి మరి. ఆకు లోతుగా చీలికలు చీలికలుగా ఉండి, అంచులు ఉత్తరం దక్షిణం వైపు పెట్టి నిలబడితే కంపాస్ ప్లాంట్. చేటంత ఆకులన్నీ నేల దగ్గరే ఉండి పైన కాడ బోడిగా పోతే ప్రెయిరీ డాక్, మిట్టమధ్యాహ్నం దాని ఆకు మీద చెయ్యి పెట్టి చూడు, చల్లగా ఉంటుంది.

నేను కొత్తల్లో కప్ ప్లాంట్‌ని సన్‌ఫ్లవర్ అనుకుని, పక్కింటావిడ పెరట్లోది ఎండాక మధ్య బొడ్డంతా గీరి తెచ్చి కుండీల్లో చల్లానే, ఒక్కటంటే ఒక్కటి మొలవలేదు. తర్వాత తెలిసింది, సన్‌ఫ్లవర్‌కి గింజలు మధ్యలో పడతాయి, వీటికేమో బయట రేకుల అడుగునే, మధ్యవన్నీ గొడ్డువి. నేను తెచ్చిందంతా పొట్టు!

ఇంకోటి, తెల్లగా చిన్న చిన్న కాలీఫ్లవర్ ముక్కల్లాంటి పూలు కనిపిస్తే అది వైల్డ్ క్వినైన్, మన ఊళ్లో చేలగట్ల మీద తిట్టుకుంటూ పీకే వయ్యారిభామకి సొంత చుట్టం, కానీ ఇక్కడ అది ఈ నేల మొక్కే, గౌరవంగా చూస్తారు.

ఈసారి మొత్తం మొక్క ఒకటి, కాడ దగ్గరగా ఒకటి, ఆకు కాడకి అతికే చోట ఒకటి, మూడు ఫోటోలు పంపు. కోయకు, ప్రిజర్వ్‌లో, అంటే ఇలా కాపాడే చోట, ఒప్పుకోరు. షార్ట్స్‌లో మాత్రం వెళ్లకు తల్లీ, గడ్డిలో టిక్స్, అదే రక్తం పీల్చే పిడుదులు, ఉంటాయి, ప్యాంటు సాక్సుల్లోకి దోపుకో, ఇంటికి రాగానే మోకాళ్ల వెనకాల చూసుకో.

పెద్దమ్మ