స్నైపర్‌గా (దాక్కుని దూరం నుంచి గురిపెట్టి కాల్చే సైనికుడిగా) పేరుపొందిన ఫిన్లాండ్ రైతు సిమో హాయ్‌హాకి అంత గురి ఎలా వచ్చింది? యుద్ధం తర్వాత ఏం చేశాడు?
చిన్నప్పటి నుంచి పొలం, వేట, గురి పోటీలు. అసలు శిక్షణ అక్కడే అయిపోయింది. 1905లో, ఇప్పటి రష్యా సరిహద్దుకు దగ్గర్లోని రౌత్యార్విలో రైతుల ఇంట పుట్టాడు. 1939 నవంబరు 30న సోవియట్ సైన్యం ఫిన్లాండ్ మీద దండెత్తాక కొల్లా అనే చోట పదాతిదళంలో పోరాడాడు. తుపాకీకి టెలిస్కోప్ వాడలేదు: అద్దం ఎండకు మెరుస్తుంది, చలికి మసకబారుతుంది, పైగా తల ఇంకాస్త ఎత్తాలి. ఊపిరి ఆవిరి కనిపించకుండా నోట్లో మంచు పెట్టుకునేవాడట. ఎంతమందిని కాల్చాడన్న లెక్క మీద వాదనలు తెగవు, అది వదిలేద్దాం. 1940 మార్చి 6న తూటా తగిలి దవడ ఛిద్రమైంది. స్పృహ వచ్చింది మార్చి 13న, సరిగ్గా యుద్ధం ఆగిన రోజు. చాలా ఆపరేషన్ల తర్వాత రువోకోలాహ్తిలో మళ్లీ వ్యవసాయం, వేట, కుక్కల పెంపకం. 2002లో, 96 ఏళ్ల వయసులో పోయాడు.