ధర పెరిగితే డిమాండు తగ్గుతదా, డిమాండు పెరిగితే ధర పెరుగుతదా?

అక్కా, మీ పాప ఏడో తరగతిలనే "ఈ రెండిట్ల ఏది నిజం" అని అడిగిందంటే మెచ్చుకోవాలె. రెండూ నిజమే. "డిమాండు" అనే ఒక్క మాటను రెండు అర్థాల్ల వాడుడే అసలు చిక్కు.

బంతిపూలతోని చెప్పి చూడండి. మామూలు రోజు కిలో 40 ఉన్న పూలు 60 అయినయనుకోండి, కిలో కొనేటామె అరకిలోతో సరిపెట్టుకుంటది. తగ్గింది కొనే పరిమాణం ఒక్కటే. అదే సద్దుల బతుకమ్మ నాడు హన్మకొండ చౌరస్తాల 100 చెప్పినా రెండు కిలోలు తూకమేయించుకుంటరు. ఏ ధరకైనా కొనేటోళ్లు ఎక్కువైన్రు. డిమాండు పెరుగుడంటే ఇదీ. ధర దాని వెనుక పెరిగింది. (అంకెలు లెక్క కోసం అనుకున్నవే, బేరం మీ ఇష్టం.)

కాయితం మీద డిమాండు గీత (ఏ ధరకు ఎంత కొంటరో చూపే గీత; నిలువుకు ధర, అడ్డానికి కొనే పరిమాణం) గీసి, దాని మీద దారం పెట్టండి. మొదటి సంగతిల వేలు దారం మీదనే పైకి జరుగుతది. రెండో దాంట్ల దారమే కుడికి జరగాలె. మావోడికి గట్లనే పట్టుబడ్డది.

సరఫరా తర్వాత చూసుకోవచ్చు. దానికైతే మిర్చి సీజన్ల వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు తీసుకపోండి, బస్తాలన్నీ ఒక్కపారే వస్తే ధర ఏమైతదో కండ్ల ముందే కనపడుతది. ముక్కుకు దస్తీ మాత్రం మర్వకండి.