ఏడేళ్ల పిల్లాణ్ణి ఒక్కణ్ణే వీధి చివర కొట్టుకి పంపొచ్చా? ఏం నేర్పి పంపాలి?

పంపొచ్చండి. మేం హైదరాబాద్‌లో ఉంటాం. మా పిల్లలిద్దరినీ దాదాపు ఆ వయసులోనే పంపడం మొదలుపెట్టాం. ముందు కొన్నాళ్లు వాణ్ణి ముందు నడవనిచ్చి, మీరు కాస్త వెనకాల వెళ్లండి. ఎక్కడ తడబడుతున్నాడో మీకే కనిపిస్తుంది.

'కొత్తవాళ్లతో మాట్లాడకు' అన్న మాట మన దగ్గర పెద్దగా పనిచేయదు. వాచ్‌మన్ దగ్గర్నుంచి ఇస్త్రీ ఆయన దాకా పిల్లలకి అందరూ అంకుల్సే! పైగా పిల్లల్ని వేధించే కేసుల్లో ఎక్కువమంది తెలిసినవాళ్లే ఉంటారు. అందుకని మా ఇంట్లో రూలు వేరు: పిలిచింది ఎవరైనా సరే, ఇంట్లో చెప్పకుండా ఎక్కడికీ వెళ్లకూడదు, ఎవరి బండీ ఎక్కకూడదు. 'మీ అమ్మకి బాలేదు, రమ్మంది' అని ఎవరైనా అంటే మా గుర్తుమాట అడగాలి. అది ఒక కూర పేరు, ఏ కూరో ఇక్కడ చెప్పను లెండి. 'ఇంట్లో చెప్పకు' అని ఎవరైనా అన్నారంటే, ఆ సంగతే ముందు వచ్చి చెప్పాలి.

నిజానికి నాకు మనుషులకన్నా బళ్లంటేనే టెన్షన్. వాటర్ ట్యాంకర్ రివర్స్ వచ్చేటప్పుడు వెనకాల ఉన్న చిన్నపిల్లలు డ్రైవర్‌కి కనపడరు. అందుకే బళ్లు పార్క్ చేసే సెల్లార్‌లో దాగుడుమూతలు మా ఇంట్లో పూర్తిగా బంద్.

ఇక కుక్కలు. పరిగెత్తితే వెంటపడతాయి. కదలకుండా నిలబడి, చేతులు ఒంటికి ఆనించుకుని, దాని కళ్లలోకి చూడకుండా ఉండాలి. ఇది మాటల్లో చెబితే ఎక్కదు, హాల్లో నేను కుక్కనై మొరుగుతూ ప్రాక్టీస్ చేయించాను. కరిచినా, గోరు గీసుకున్నా దాచకూడదు. ఇంజక్షన్‌కి భయపడీ, తిడతారనీ పిల్లలు దాచేస్తారు, కాబట్టి తిట్టబోమని ముందే మాటివ్వండి. వెంటనే సబ్బుతో, పారే నీళ్ల కింద పదిహేను నిమిషాలు కడిగి, ఆలస్యం చేయకుండా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలి.

వానకి రోడ్డు మునిగితే ఆ రోజు కొట్టు లేదు. నీళ్ల కింద మ్యాన్‌హోల్ మూత ఉందో లేదో పెద్దవాళ్లకే తెలీదు. ట్రాన్స్‌ఫార్మర్ కంచెలో బంతి పడితే వదిలేసి రావాలి. కొత్తది కొనిస్తానని ముందే చెప్పేస్తే తీయడానికి వెళ్లరు.

మీ ఫోన్ నంబర్ ఎక్కంలా కంఠతా పట్టించండి. ఎమర్జెన్సీ నంబర్ 112, పిల్లల హెల్ప్‌లైన్ 1098 కూడా. కొట్టాయనకీ ఒక మాట చెప్పి ఉంచండి. మావాడు దారి మళ్లి క్రికెట్‌లో పడితే మాకు ముందు ఫోన్ వచ్చేది ఆయన దగ్గర్నుంచే.