దేనికంటే రెట్టింపు?

అమ్మాయీ,

మీ హెడ్మాస్టరు గారికి కంపెనీ వాళ్లిచ్చిన ఆ రంగురంగుల కాగితం ఫోటో చూశాను. ట్యాబ్‌లో లెక్కలు చెబితే నేర్చుకోవడం రెట్టింపవుతుందని పరిశోధనలో తేలిందట! సోమవారానికల్లా నీ అభిప్రాయం చెప్పమన్నారని టెన్షన్ పడకు. ఆ కంపెనీ మనిషిని ముందు ఒక్కటే అడుగు: దేనికంటే రెట్టింపు?

జూన్‌లో కంటే మార్చిలో పిల్లలకు ఎలాగూ ఎక్కువే వస్తుంది, ట్యాబ్ ఉన్నా లేకున్నా. అది లేని పిల్లలతో పోల్చారా, వాళ్లనెలా ఎంచారు, అది తెలియాలి. డబ్బు కట్టి చేర్పించిన ఇళ్ల పిల్లల్ని మిగతావాళ్లతో పోలిస్తే తేడాలో కొంత ఆ అమ్మానాన్నల పట్టుదలదే కావచ్చు.

నా బడాయి కూడా విను. ఒకప్పుడు మూడో తరగతికి పుల్లల కట్టలతో తీసివేతలు నేర్పి, ముందో పరీక్ష, తర్వాతో పరీక్ష పెట్టి, సగటు ఎంత పెరిగిందో మీటింగులో గొప్పగా చెప్పేశాను. ఇంటికొచ్చి పేపర్లు తిరగేస్తే, రెండో పరీక్షకి ఆరుగురు రాలేదు, ఆ ఆరుగురూ మొదటిదాంట్లో 302లోంచి 178 తీసేసి 276 అని రాసినవాళ్లే (అప్పు తెచ్చుకోవడం తెలీక పెద్ద అంకెలోంచి చిన్నది తీసేస్తారు, నువ్వూ చూసే ఉంటావు). వాళ్లు లేకపోతే సగటు పెరగక ఏం చేస్తుంది! అప్పట్నుంచీ ఎంతమందితో మొదలెట్టారు, చివరికి ఎంతమంది మిగిలారు అన్నదే ముందు వెతుకుతాను.

బాగా చేసిన పరిశోధనలు లేకపోలేదు. 2015లో ఢిల్లీలో మైండ్‌స్పార్క్ అనే, కంప్యూటర్లో పాఠాలు నేర్పే సాఫ్ట్‌వేర్ మీద ఆర్థికవేత్త కార్తీక్ మురళీధరన్ వాళ్లు చేసింది చదువు. చేరతామన్న పిల్లల్లోనే లాటరీ తీసి, తగిలినవాళ్లను తగలనివాళ్లతో పోల్చారు, తగిలీ సరిగ్గా రానివాళ్లను కూడా లెక్కలోంచి తీసెయ్యలేదు. నాలుగున్నర నెలల్లో లెక్కల్లో 0.37 స్టాండర్డ్ డీవియేషన్ల (మార్కులు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉంటాయో చెప్పే కొలత) తేడా వచ్చింది. అంటే నూరుమందిలో సరిగ్గా మధ్యనున్న పిల్లాడు ఇంకో 14 మందిని దాటినట్టు. మంచి ఫలితమే, లాటరీ తగలనివాళ్లు ఆ నెలల్లో లెక్కల్లో నేర్చుకున్నదానికి రెట్టింపు. అయితే అక్కడ జరిగింది బడి అయ్యాక సెంటర్లో, వారానికి ఆరు రోజులు, రోజుకి 90 నిమిషాలు, అందులో సగమే సాఫ్ట్‌వేర్, మిగతా సగం చిన్న గుంపుల్ని కూర్చోబెట్టి మనిషి చెప్పిన పాఠం. మీ దగ్గర ఆ రెండో సగం ఎవరు చెబుతారు?

అలాగని తక్కువ టైములో ఏమీ రాదనీ అనను. వడోదరలో నాలుగో తరగతి వాళ్లకి వారానికి రెండు గంటలు కంప్యూటర్లో లెక్కల ఆటలు పెడితేనే 0.47 స్టాండర్డ్ డీవియేషన్లు పెరిగింది, కానీ అది ఆపేసిన ఏడాదికి సుమారు 0.10కి దిగిపోయింది. ఈ సంగతి ఏ అమ్మకం కాగితంలోనూ వెయ్యరులే.

ఆఖరుగా, వాళ్లు పెట్టిన పరీక్ష పేపరు చూపించమను. ట్యాబ్‌లో చేయించిన లెక్కలే అందులోనూ ఉంటే పక్కన పెట్టేసి, 302లోంచి 178 లాంటివి ఓ పది నువ్వే రాసివ్వు. పేపరివ్వడానికి నసిగితే ఆదివారం నాకు ఫోన్ చెయ్యి, హెడ్మాస్టరు గారికి ఏం రాయాలో ఇద్దరం కూర్చుని చూద్దాం.

మీ లెక్కల మాస్టారు