ముప్పై మందిలోంచి పన్నెండు మందిని ఎలా ఏరాలి?

కాలేజీ వాలీబాల్ జట్టుకి 30 మంది పేర్లిచ్చారు, రెండు సాయంత్రాల్లో 12 మందిని తేల్చాలి, ఎలా అని అడిగారు. నేను ఆరేళ్లు ఈ పని చేశాను. మొదటి ఏడాది చెడగొట్టాను కాబట్టి అక్కణ్ణుంచే చెబుతాను.

అప్పుడు అందర్నీ వరసలో నిలబెట్టి తలా ఐదు స్మాషులు కొట్టించాను. ఎవరు గట్టిగా బాదితే వాళ్ల పేరు రాసుకున్నాను. తీరా చూస్తే జట్టులో తొమ్మిది మంది స్మాషర్లు, వాళ్లు కొట్టడానికి బంతి ఎత్తిచ్చే సెట్టర్ ఒక్కడే. మొదటి మ్యాచ్‌లోనే అవతలివాళ్లు మా పొడుగువాళ్లిద్దర్నీ కనిపెట్టి, సర్వీసులన్నీ వాళ్ల మీదికే వేశారు. బంతి చేతికి తగలడం, పక్కకి ఎగిరిపోవడం. ర్యాలీ స్కోరింగ్‌లో సర్వీస్ ఎవరిదైనా సరే, ర్యాలీ పోతే పాయింటు పోతుంది. మొదటి సెట్ 25-11. కొట్టేవాళ్లు తొమ్మిది మంది ఉన్నారు గానీ కొట్టడానికి బంతి లేవందే ఏం చేస్తారు!

అందుకే ముందు కాగితం మీద మనుషుల్ని కాదు, స్థానాల్ని రాసుకోండి. నా లెక్క: సెట్టర్లు 2, నెట్ మధ్యలో అవతలివాళ్ల స్మాషుల్ని అడ్డుకునే మిడిల్ బ్లాకర్లు 3, ఎడమవైపు నుంచి కొట్టే ఔట్‌సైడ్ హిట్టర్లు 4, కుడివైపు నుంచి కొట్టే ఆపోజిట్లు 2, వెనక వరసలో బంతి లేపడానికే ఉండే లిబరో 1. మీ దగ్గరున్నవాళ్లని బట్టి ఒకటీ అరా మార్చుకోవచ్చు, సెట్టర్లని మాత్రం ఒకరికి తగ్గించకండి. దాదాపు ప్రతి ర్యాలీలో రెండో టచ్ అతనిదే. అతని చీలమండ మెలికపడితే ఆట అక్కడితో ఆగిపోతుంది.

లిబరో విషయంలో చాలామంది పొరబడతారు. 1998లో ఈ స్థానం అంతర్జాతీయ ఆటలోకి వచ్చింది. అంతర్జాతీయ నిబంధనల్లో అతను సర్వీస్ చెయ్యడు, బ్లాక్‌కి లేవడు, నెట్ అంచుకి పైనున్న బంతిని అవతలికి కొట్టడు. కాబట్టి పొట్టివాడని మీరు పక్కన పెట్టినవాడు ఇక్కడ బంగారం. మీ టోర్నమెంటులో లిబరోని ఒప్పుకుంటారో లేదో ముందే కనుక్కోండి, లేకపోతే ఆ చోటు ఇంకొకరికి ఇవ్వొచ్చు.

పొడవు గురించి ఒక మాట. పురుషుల నెట్ ఎత్తు 2.43 మీటర్లు, మహిళలది 2.24. మనిషి ఎత్తు చూసి మోసపోకుండా, నిలబడి చెయ్యి చాపితే గోడమీద ఎక్కడ తగిలిందో, పరుగెత్తి ఎగిరితే ఎక్కడ తగిలిందో సుద్దముక్కతో గీయించండి. రెండో గీతే మనకి కావాల్సింది.

ఇక అసలు పరీక్ష ఆడించడమే. మొదటి రోజు గంటసేపు పాసింగ్, సర్వీస్ చూసి, మిగతా సమయమంతా ఆరుగురేసి మ్యాచ్‌లు పెట్టండి. పదిహేను నిమిషాలకోసారి జట్లు కలిపేయండి. రెండో ఏడాది నేనిలా చేస్తుంటే ఒక కుర్రాడు ఏ జట్టులో ఉంటే ఆ జట్టు గెలుస్తోంది. స్మాష్ ఒక్కటీ కొట్టలేదు, నోరు కూడా విప్పలేదు. ఇంతకీ అతను చేస్తున్నదల్లా వచ్చిన ప్రతి సర్వీస్‌నీ సెట్టర్ తల మీదికి మెల్లగా దింపడం. మొదటి ఏడాది పద్ధతిలో అయితే అతని పేరు నా పుస్తకంలోకే ఎక్కేది కాదు.

చొక్కాలకి నంబర్లు కట్టించి, మీతో పాటు ఇంకో ఇద్దర్ని కూర్చోబెట్టుకుని, ఎవరి మార్కులు వాళ్లే వేసుకోండి. చివరిదాకా ఒకరితో ఒకరు మాట్లాడొద్దు. నాకు ఇష్టమైన ఒక సీనియర్‌కి మిగతా ఇద్దరూ ఎంత తక్కువ వేశారో చూశాక, నాకు ఎంత పక్షపాతం ఉందో తెలిసొచ్చింది (ఒప్పుకోవడానికి రెండ్రోజులు పట్టిందనుకోండి). అన్నట్టు, పాయింటు పోగానే సెట్టర్ వైపు చేతులూపి అరిచేవాళ్లని కూడా గుర్తుపెట్టుకోండి. ఆ అరుపు మ్యాచ్‌లో రెట్టింపవుతుంది.

జాబితాని బోర్డుకి అంటించి వెళ్లిపోకండి. నేను ఒకసారి అలాగే చేశాను. తన పేరు లేదని చూసుకున్న పదమూడోవాడు మళ్లీ గ్రౌండ్ వైపు రాలేదు. నెల తిరక్కుండా మా మిడిల్ బ్లాకర్ వేలు విరిగింది. ఆ అబ్బాయి కోసం హాస్టల్ గదికి వెళ్లి తలుపు కొడితే, "నాకు పరీక్షలున్నాయి సార్" అన్నాడు. అప్పుడు పరీక్షలేవీ లేవు.