రెండు రోజుల్లో మీ ఇంట్లో ప్రార్థన కూటమంటే...

ప్రశ్న: మేం ఇండియా నుంచి ఈ దేశానికొచ్చి మూడు నెలలైంది. ఈ శనివారం మా చర్చి సంఘానికి హాలు దొరకలేదట. "కూటం మీ ఇంట్లో పెట్టుకుందామా?" అని గురువారం రాత్రి పాస్టర్ అయ్యగారు ఫోన్ చేశారు. పాతికమంది రావచ్చు. మాది రెండో అంతస్తులో డబుల్ బెడ్‌రూం అపార్ట్‌మెంట్. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: ఇల్లు కడగడంతో మాత్రం మొదలుపెట్టకండి. ముందు టేపు తీసుకుని హాలు కొలవండి. నేలమీద కూర్చునే మనిషికి ఏడు చదరపు అడుగులు వేసుకోండి. 12 అడుగులకు 15 అడుగుల హాలంటే 180. సోఫాకి, టీవీ బల్లకి, బాత్రూంకి వెళ్లే దారికి యాభై తీసేస్తే 130 మిగులుతుంది. అంటే పద్దెనిమిది మంది. మిగతా ఏడుగురూ పిల్లలైతే బెడ్‌రూంలో సర్దుకుంటారు, పెద్దలైతే కష్టం. ఈ లెక్క చూసుకుని, రూమ్మేటుంటే వాళ్లనీ అడిగి, అప్పుడు "సరేనండీ" అనండి. "కుదరదండీ" అన్నా తప్పేం లేదు.

ఒప్పుకుంటే రెండు విషయాలు అప్పుడే చెప్పేయండి: ఇది ఈ ఒక్క శనివారానికే, తొమ్మిదింటికల్లా ముగించాలి. ఒక సాయంత్రం అతిథులు వచ్చి వెళ్తే ఓనర్లు మామూలుగా పట్టించుకోరు. అదే ప్రతి వారమంటే అద్దె ఒప్పందం చదివి, వాళ్లతో మాట్లాడాకే. మొహమాటానికి ఇప్పుడు నోరు మూసుకుంటే రెండో వారం కూడా మీ ఇల్లే ఖాయమవుతుంది.

శుక్రవారం కింది ఇంటివాళ్లకీ పక్కింటివాళ్లకీ చిన్న చీటీ రాసి తలుపు సందులో పెట్టండి: రేపు ఆరు నుంచి తొమ్మిది దాకా అతిథులొస్తున్నారు, ఇబ్బందైతే ఈ నంబరుకి ఫోన్ చేయండి అని. చాలా ఫిర్యాదులు ఇక్కడే ఆగిపోతాయి. డోలక్ వద్దు. పాటకంటే ఆ దెబ్బే కింది ఇంటికి బాగా దిగుతుంది. కీబోర్డు స్పీకరుని నేలమీద పెట్టకుండా, పక్కింటి గోడకి దూరంగా, మెత్తటి కుర్చీలో పెట్టండి. తాళానికి చప్పట్లు చాలు.

అడ్రసు, కింది గేటు కోడు పెద్ద వాట్సాప్ గ్రూపులో పడేయొద్దు, వచ్చేవాళ్లకే విడిగా పంపండి. విజిటర్ పార్కింగ్ ఎక్కడుందో ఫోటో తీసి దానికి జతచేయండి. ఇంకొకరి స్లాటులో పెట్టిన కారుని టోయింగ్ బండి ఎత్తుకుపోతే సాయంత్రమంతా దాని వెనకే పోతుంది.

ఇక వంటిల్లు. ఎక్కువమంది బోల్తాపడేది ఇక్కడే. రెండు రోజుల వ్యవధిలో పాతికమందికి భోజనం పెట్టాలనుకోకండి, టీ బిస్కట్లు చాలు. తప్పదంటే అన్నం మీరు వండి, కూరలు మరో రెండిళ్లకి అప్పజెప్పండి. మీ ఇంట్లో పోపు పెట్టాల్సి వస్తే ఎవరూ రాకముందే, నాలుగింటికల్లా, కిటికీ తెరిచి కానిచ్చేయండి. చాలా అపార్ట్‌మెంట్లలో స్టవ్ మీది ఫ్యాను పొగని బయటికి పంపదు, వడకట్టి మళ్లీ ఇంట్లోకే వదులుతుంది. ఎండుమిరప మాడిందా, స్మోక్ అలారం మోగుతుంది. అప్పుడు కంగారుగా బిల్డింగ్ ఉమ్మడి వరండా (కారిడార్) వైపు తలుపు తెరుస్తారు చూడండి, అదే పెద్ద పొరపాటు. పొగ వరండాలోకి పోయి అక్కడి అలారం మోగిందంటే బిల్డింగంతా ఖాళీ చేయాల్సి రావచ్చు, ఫైరింజనూ రావచ్చు. ఆ తలుపు మూసే ఉంచి కిటికీలు తెరవండి, అలారం కింద తువ్వాలుతో విసరండి. బ్యాటరీ మాత్రం పీకొద్దు.

పాతిక చిన్న కప్పులకి రెండున్నర లీటర్ల టీ కావాలి: లీటరుంబావు నీళ్లు, లీటరున్నర పాలు (మరిగేటప్పుడు కొంత ఆవిరైపోతుంది). ఇంటి నుంచి తెచ్చుకున్న అల్యూమినియం గిన్నె ఇండక్షన్ పొయ్యి మీద వేడెక్కదు. గాజు పలక ఎలక్ట్రిక్ పొయ్యి మీద అడుగు వంగిన గిన్నె గంటసేపు కూర్చుంటుంది. చదునైన అడుగున్న రెండు గిన్నెల్లో పెట్టండి, వాక్యం (ప్రసంగం) సగంలో ఉండగా పొయ్యి వెలిగించండి. అమెరికా, కెనడాల్లో మామూలు 15 ఆంపియర్ల సర్క్యూట్ మోయగలిగేది 1,800 వాట్లే. కెటిలూ మైక్రోవేవూ ఒకే సర్క్యూట్ మీద పెడితే బ్రేకర్ పడిపోతుంది. పడితే స్విచ్చిని ముందు పూర్తిగా ఆఫ్ వైపు నొక్కి, తర్వాత ఆన్ చేయాలి.

అన్నం ఐదింటికి వండి తొమ్మిదింటిదాకా గిన్నెలో వదిలేయకండి. ఉడికినా చావని సూక్ష్మజీవుల బీజాలు అందులో ఉంటాయి. గోరువెచ్చగా ఉంటే అవి పెరిగి విషం చేస్తాయి, మళ్లీ వేడిచేసినా ఆ విషం పోదు. ఎలక్ట్రిక్ రైస్ కుక్కర్ 'వార్మ్'లోనే ఉంచండి. బయటికి తీసింది రెండు గంటల్లో తినేయాలి, లేదంటే పల్చటి డబ్బాల్లో ఫ్రిజ్‌లోకి వెళ్లాలి.

మనిషి ఊరికే కూర్చున్నా వంద వాట్ల వేడి ఇస్తాడు. పాతికమందంటే రెండున్నర కిలోవాట్లు, పెద్ద రూం హీటరన్నమాట. చలికాలమైనా గంట ముందే హీటింగ్ తగ్గించి, ఒక కిటికీ రెండు వేళ్ల సందు తెరవండి. లేకపోతే ప్రసంగంలో కునుకుపాట్లకి అయ్యగారిని తిట్టుకుంటారు.

తలుపు వెనక యాభై చెప్పులు పడితే తలుపే తెరుచుకోదు. గోడవారగా పాత దుప్పటి పరిచి అక్కడే విడవమనండి. జాకెట్లు మంచం మీదికి. బాత్రూంలో మందుల డబ్బా తీసేయండి, రెండు పేపర్ రోళ్లు ఎక్కువ పెట్టండి. అక్కడ నేలకి నీళ్లు పోయే తూము లేకపోతే మగ్గు పెట్టొద్దు, ఒలికిన నీళ్లు కింది ఇంటి సీలింగులోకి దిగుతాయి. పిల్లల గదిలో ఎప్పుడూ ఇద్దరు పెద్దలుండాలి, తలుపు తెరిచే ఉండాలి.

పాటల సాహిత్యం ఫోన్ నుంచి టీవీకి చూపిస్తుంటే నోటిఫికేషన్లు ఆపేయండి, లేకపోతే మీ వాట్సాప్ మెసేజీలన్నీ సంఘం చదువుతుంది. బల్ల (రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ప్రభురాత్రి భోజనం) ఆచరిస్తారేమో అయ్యగారిని ముందే అడిగి, ద్రాక్షరసం పట్టుకునే చోట కార్పెట్ మీద దుప్పటి వేయండి. ఒలికితే రుద్దకుండా చల్లని నీళ్లతో అద్ది తీయండి. కానుకల సంచి రాత్రి మీ ఇంట్లో ఉంచుకోకండి. సంఘంవాళ్లు ఇద్దరు అక్కడే లెక్కపెట్టి తీసుకెళ్లాలి.