దేవుడి సంగతి సరే, ముందు ఆవిడకు లెక్క చెప్పండి

ప్రశ్న: నాకు నలభై దాటాయి. పెళ్లయి పద్నాలుగేళ్లు, ఇద్దరు పిల్లలు. ఫోన్‌లో బెట్టింగ్ ఆడి అప్పులపాలయ్యాను. నా భార్య నగలు తనకు తెలియకుండా తాకట్టు పెట్టాను. బయటపడ్డాక ఉపవాసముండి, ఏడ్చి ప్రార్థించి, సంఘంలో సాక్ష్యం చెప్పాను. కొన్నాళ్లకు మళ్లీ పడిపోయాను. ఇది మూడోసారి. ఇన్నిసార్లు తప్పిపోయినవాణ్ని దేవుడు ఇంకా ఓర్చుకుంటాడా? నా భార్య మాట్లాడటం మానేసింది. డెబ్బది ఏళ్ల మారులు (అంటే డెబ్బై ఏడులసార్లు) క్షమించమన్న వాక్యం చూపిస్తే, "బైబిలు నాకూ చదవడం వచ్చు" అంది. పాస్టరు గారి చేత ఫోన్ చేయించినా లాభం లేదు. ఆమె మనసు కరగాలంటే ఏమని ప్రార్థించాలి?

జవాబు: ఓర్చుకుంటాడు. మీ మొదటి ప్రశ్నకు ఇంతకంటే పెద్ద జవాబు అక్కర్లేదు. న్యాయాధిపతుల గ్రంథంలో ఒత్నీయేలు నుంచి గిద్యోను దాకా వచ్చే నాయకుల కథలు వరసగా చదవండి. జనం దారి తప్పుతారు, శత్రువు చేతిలో నలుగుతారు, మొరపెడతారు. ఆయన ఎవరో ఒకరిని లేపి విడిపిస్తాడు. దేశం 40 ఏళ్లో 80 ఏళ్లో నెమ్మదిగా ఉంటుంది, మళ్లీ మొదటికొస్తుంది. మీ మూడోసారి చూసి ఆయనేం కంగారుపడడు.

కాకపోతే అదే గ్రంథం 10వ అధ్యాయం దగ్గర కాసేపు ఆగండి. "పాపం చేశాం" అని జనం మొరపెడితే, "మీరు కోరుకున్న దేవతల దగ్గరికే పోయి మొరపెట్టుకోండి, వాళ్లే రక్షిస్తారు" అంటాడు దేవుడు. వాళ్లు అన్యదేవతలను తమ మధ్యనుంచి తీసేశాకే, వాళ్ల బాధ చూసి ఆయన సహించలేకపోయాడని ఉంది. మీ ఉత్తరంలో ఉపవాసం ఉంది, కన్నీళ్లున్నాయి, సాక్ష్యం ఉంది. బెట్టింగ్ ఖాతా మూసేశానన్న మాట మాత్రం నాకు ఎక్కడా కనిపించలేదు.

అసలు తగువు మీకూ దేవుడికీ కాదు, మీకూ మీ భార్యకూ. ఆయన దగ్గర ఏడిస్తే రసీదులు అడగడు, ఆవిడ అడుగుతుంది. అందుకే ఆయన దగ్గరికి పరుగెత్తి, ఆవిడ దగ్గరికి మాత్రం వాక్యాన్ని పంపుతున్నారు.

లేవీయకాండం 6వ అధ్యాయం మొదటి ఏడు వచనాలు మీలాంటి కేసు గురించే. ఒకరి సొమ్ము మోసంతో తీసుకున్నవాడు మొత్తం తిరిగిచ్చి, దానికి ఐదో వంతు కలిపి, సొంతదారు చేతికే ఇవ్వాలి. బలి ఆ తర్వాతి మాట. మత్తయి 5లో యేసు చెప్పిందీ ఇదే వరస: అర్పణ బలిపీఠం దగ్గరే వదిలిపెట్టి, ముందు వెళ్లి సమాధానపడి రా. మీరు ఆ వరసను తిప్పేశారు. ముందు బలిపీఠం, తర్వాత సభ, ఆఖరున భార్య.

ఇక ఆ డెబ్బది ఏళ్ల మారుల సంగతి. "నేనెన్నిసార్లు క్షమించాలి" అని అడిగింది పేతురు, అంటే తప్పు తనపట్ల జరిగినవాడు. ఆ వాక్యం ఆవిడ తనకు తాను చదువుకోవలసింది. మీరు ఎదురుగా నిలబడి వసూలు చేసుకునేది కాదు. ఆ వెంటనే యేసు చెప్పిన ఉపమానం కూడా చదవండి. పదివేల తలాంతుల కొండంత బాకీ మాఫీ అయినవాడు బయటికొచ్చి, నూరు దేనారాల కోసం తోటి దాసుడి గొంతు పట్టుకుంటాడు. దేనారం అంటే ఒక రోజు కూలి. క్షమాపణ పొంది వచ్చి ఆవిడ మౌనం మీద పోట్లాడుతున్న మీరు ఆ కథలో ఎవరో వేరే చెప్పాలా? (51వ కీర్తనలో "నీకు మాత్రమే విరోధంగా పాపం చేశాను" అని దావీదు దేవుడితో అన్న మాట పట్టుకుని ఇంట్లోవాళ్లకు జవాబు ఎగ్గొట్టే భక్తులు చాలామంది ఉన్నారు. ప్రవక్త నాతాను చెప్పిన కథ విన్న ఆ దావీదే, అందులో పేదవాడి గొర్రెపిల్లను లాక్కున్నవాడు నాలుగంతలు కట్టాలని తీర్పు చెప్పాడు.)

ఈ వారంలో ఒక కాగితం తయారు చేయండి. ప్రతి అప్పూ రాయండి: ఎవరికి, అసలెంత, వడ్డీ ఎంత, గడువెప్పుడు, హామీ ఎవరు. లోన్ యాప్‌లు, క్రెడిట్ కార్డులు, ఆఫీసు అడ్వాన్సు, చేబదుళ్లు, అన్నీ. మీలాంటివాళ్లు ఇందులో ఒకటి దాచుకుంటారు. తరచుగా అది ఆవిడ పుట్టింటివాళ్ల దగ్గర తీసుకున్నదే అవుతుంది. ఉంటే దాన్నే మొదటి వరసలో పెట్టండి. "అంతా చెప్పేశాను" అన్నాక బయటపడే చిన్న బాకీ, అంతకుముందు బయటపడ్డ పెద్ద అప్పు కంటే ఎక్కువ చెరుపు చేస్తుంది. ఏడాది బ్యాంకు స్టేట్‌మెంట్ జతచేయండి. తాకట్టు రసీదు ఆవిడ చేతికివ్వండి. వడ్డీ ఎక్కువున్న అప్పు ముందు తీర్చడం లెక్క ప్రకారం సరైనదే గానీ, నగల వడ్డీ మాత్రం ఏ నెలా ఆపకండి, వేలానికి పోతే ఇక తిరిగిరావు. విడిపించాక ఐదో వంతు కూడా ఆవిడ పేరనే వేయండి.

యాప్ తీసేసినంత మాత్రాన ఖాతా పోదు. శాశ్వతంగా మూసేయమని వాళ్లకు రాసి, వచ్చిన జవాబు దాచండి. లేకపోతే బోనస్ మెసేజ్‌లు వస్తూనే ఉంటాయి. జీతం ఖాతా ఆవిడ చూసుకోనివ్వండి, ఒప్పుకుంటేనే సుమా. ఒప్పుకోకపోతే మీ అన్నదమ్ముల్లో ఒకరికి అప్పగించండి. రోజు ఖర్చుకు నగదు తీసుకోండి. జీతం పడ్డ రాత్రి, డబ్బు పోగొట్టుకున్న మర్నాడు జాగ్రత్త. "పోయింది రాబట్టి మానేస్తా" అనే ఆలోచన ఎక్కువగా అప్పుడే వస్తుంది. సాక్ష్యం చెప్పిన వారమూ అంతే. గుండె తేలికపడుతుంది, దాంతోపాటే భయమూ పోతుంది. మళ్లీ పడితే ఆ రోజే ఆవిడకు చెప్పండి. తను పట్టుకునేదాకా ఆగొద్దు.

మానసిక వైద్యుణ్ని కలవండి. జూదం వ్యసనాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ రుగ్మతల జాబితాలోనే పెట్టింది. చికిత్సకు వెళ్తే విశ్వాసం తక్కువైనట్టేమీ కాదు.

ఆవిడ ఎప్పుడు మాట్లాడుతుందో నేను చెప్పలేను. ఏడాది పట్టొచ్చు, ఇంకా ఎక్కువే పట్టొచ్చు, అది ఆవిడ హక్కు. ఆవిడ మనసు కరగడానికి ప్రత్యేకంగా ప్రార్థనేదీ చేయకండి. మీ నోట అబద్ధం రాకుండా ఉండాలని చేసుకోండి, అదీ తలుపేసుకుని. సంఘంలో ఇక మైకు పట్టుకోవద్దు. పాస్టరు గారి చేత ఆవిడకు ఫోన్లు చేయించడం ఈరోజే ఆపేయండి.